నలభై ముడుల తాడు

హుకుంపేట,
ఆగస్టు 11.

గౌరవనీయ రాజ్యసభ సభ్యురాలు శ్రీమతి హేమలత గారికి,

1988 జులైలో, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, జామిగొందిలో రాజులమ్మ గడప ముందు కూర్చుని మీరు ఒక అడ్డనార తాడుకి నలభై ముడులు వేశారు. ఆ ఊళ్ళో పెళ్ళికి పిలిచినా పండక్కి పిలిచినా రోజుల లెక్క ముడుల్లోనే చెప్తారని ముందురోజే నేను మీకు చెప్పి ఉన్నాను. అది మీకు బాగా నచ్చింది. రోజుకొక ముడి విప్పమని, ఆఖరి ముడి నాటికి జైల్లో ఉన్న ఆమె భర్త మంగ్లుని మీరే స్వయంగా తీసుకొచ్చి వాకిట్లో దించుతానని మాటిచ్చారు. రాజులమ్మ ముప్ఫై తొమ్మిది విప్పింది. నలభయ్యో ముడి ఉన్న ఆ తాడు ఇప్పటికీ ఆమె ఇంటి దూలానికి వేలాడుతోంది. మంగ్లు శవం కూడా కొండ ఎక్కలేదు.

నా భార్య చెల్లెలు ఢిల్లీలో పెద్ద సభలో కూర్చుంటుందని ఊళ్ళో చెప్పుకుంటారు. నా ముందు చెప్పుకోనివ్వను. నాలుగేళ్ళ క్రితం నిర్మల సమాధి దగ్గర మీరు నా పక్కన నిలబడ్డప్పుడు కూడా నేను మాట్లాడలేదు. ఇప్పుడు సభ ముద్ర ఉన్న కవరులో బెయిలు చట్టానికి సవరణ బిల్లు పంపించి "మీ అభిప్రాయం తెలియజేయగలరు" అని రాశారు.

నా అభిప్రాయం ఇది. ఇంటి నిట్టాడి గుంజ కోసం ఒక చెట్టు కొట్టినందుకు మంగ్లుకి శిక్ష పడినా ఆర్నెల్లు పడేది. శిక్ష పడకుండానే ఆర్నెల్లు ఉన్నాడు. పచ్చకామెర్లతో లోపలే పోయాడు. మొదటిరోజే శిక్ష వేసి ఉంటే ఆ వారంలో నడిచి ఇంటికొచ్చేవాడు. లాయరు అయ్యుండీ అతనికి ఒక బెయిలు అర్జీ వెయ్యడానికి మీకు తీరిక లేకపోయింది. అటువంటి మీరు దేశానికి బెయిలు చట్టం రాస్తున్నారు.

బిల్లు చదువుతాను. చేతికి దొరికిన అచ్చు కాగితం చదవకుండా వదల్లేని రోగం నాది. ఫోను చెయ్యకండి. ఫోనులో మీతో మాట్లాడితే నా గొంతు పెరుగుతుంది, రక్తపోటూ పెరుగుతుంది.

ఇంకొక్క మాట. రాజులమ్మ మనవడు ఫల్గుణ పద్నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. ఆ ఇంటి నుంచి ఇతను రెండో మనిషి. బిల్లు ప్రవేశపెట్టడానికి కారణాలు రాసేచోట చేర్చుకోవచ్చు.

ఇట్లు,
కె. సువార్తరావు,
రిటైర్డ్ టీచరు.


న్యూఢిల్లీ,
ఆగస్టు 23.

బావగారికి నమస్కారాలు.

మీరు జవాబు రాస్తారనుకోలేదు. కవరు మీద మీ అక్షరాలు చూసి కాసేపు విప్పకుండా బల్ల మీదే పెట్టుకున్నాను.

ఇది ప్రభుత్వం బిల్లు కాదు, నేను సొంతంగా పెట్టింది. ఇటువంటి బిల్లులకి సభలో శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే చోటు. అప్పటికి సగంమంది సభ్యులు ఊళ్ళకి విమానాలెక్కేస్తారు. అసలు చర్చకి రావాలంటే చీటీల్లో పేరు రావాలి. ఈమధ్య చీటీ తీశారు, నా పేరు వచ్చింది. శీతాకాలం సమావేశాల్లో రెండు గంటలు దొరకవచ్చు. జూన్‌తో నా పదవి అయిపోతుంది. నేను దిగిపోయిన రోజున నా బిల్లూ దానంతటదే పోతుంది. అంటే నాకున్నది ఒక్క శుక్రవారం.

ఆ శుక్రవారం లేచి నిలబడినప్పుడు నా చేతిలో పుస్తకాల మాటలు తప్ప ఏమీ లేకపోతే ఎలా అని మీకు పంపించాను. బెయిలు వచ్చినా బయటికి రాలేనివాళ్ళ సంగతి మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు.

1988 గురించి నేను చెప్పుకునేది లేదు. మాట తప్పాను. అది నిజమే.

ఫల్గుణ కేసు నెంబరు రాయండి. ఎందుకు రావడంలేదో కనుక్కుంటాను.

అక్క పెరట్లో సిల్వరోకుకి పాకించిన మిరియం తీగ కాస్తోందా?

మీ
హేమలత


హుకుంపేట,
సెప్టెంబరు 7.

హేమలతకు,

"మీరు" అని రాయడానికి చెయ్యి మొరాయిస్తోంది. మా పెళ్ళిలో కేకు సగం ఎత్తుకుపోయి బల్ల కింద కూర్చుని తిన్నదానివి. ఇకనుంచి "నువ్వు" అనే రాస్తాను. దాన్ని చనువు అనుకోవద్దు.

బిల్లు మూడుసార్లు చదివాను. తెలుగు అనువాదం చేసిన మహానుభావుణ్ణి ఒక వారం మా బడిలో బెంచీ ఎక్కించాలి. మూడో క్లాజు బాగుంది. బెయిలు ఇచ్చాక వారంలోగా జామీను తెచ్చుకోలేకపోతే పేదవాడని లెక్కగట్టి సొంత పూచీ మీద వదలాలన్నావు. చిన్న కేసులకి ఉన్న వెసులుబాటుని పెద్ద కేసులకీ తెస్తున్నావు. ఐదో క్లాజు ఇంకా బాగుంది. ఇంటి అవసరానికి అడవిలో చెట్టు కొట్టినవాడికి జైలు బదులు మొక్కలు నాటే పని. అది ఎవరిని తలచుకుని రాశావో నాకు తెలుసు. ఆలస్యమైంది.

నాలుగో క్లాజు మాత్రం చింపెయ్యి. గ్రామసభ తీర్మానం మీద ఊరందరూ వేలిముద్రలు వేస్తే దాన్నే జామీనుగా తీసుకోవాలట. జామిగొందిలో వేలిముద్రలు వేయిస్తావా?

నేను టీచరుగా ఆ ఊరి బడికి వెళ్ళేసరికి పొలంలో సగం కింద మైదానం నుంచి వచ్చిన షావుకార్ల చేతిలో ఉంది. ఉప్పు కుంచానికీ కోకకీ కాగితం చాపి వేలు పెట్టించుకునేవారు. పిల్లలకి ఓనమాలు దిద్దించేముందు పెద్దలకి ఒకే ఒక పాఠం చెప్పాను. నేను పక్కన లేకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు అని. కొర్రకొత్త పండగనాడు కొత్త కొర్రలు చేతిలో పట్టించి ఒట్టు వేయించాను. అప్పటినుంచి ఆ ఊరి భూమి సెంటు కూడా పోలేదు. జీవితంలో నేను ప్యాసైన పరీక్ష అదొక్కటే.

ఫల్గుణ సంగతి. కుర్రవాడు చింతపల్లి రోడ్డులో సర్వీసు జీపు నడిపేవాడు. ఎవడో ఎక్కించిన బస్తాలో పన్నెండు కేజీల గంజాయి ఉంది. చెక్‌పోస్టు కనపడగానే బస్తా మనిషి మలుపులో దిగి పారిపోయాడు, బండీ ఫల్గుణా దొరికారు. ఫిబ్రవరిలోనే బెయిలిచ్చారు. భూమి పట్టా ఉన్న ఇద్దరు జామీను నిలబడాలి. నేను ఇదివరకే వేరే ఇద్దరికి నిలబడ్డాను, ఇంక నన్ను ఒప్పుకోరట. రాజులమ్మకీ ఆమె మరిది స్వామికీ పట్టాలున్నాయి. లాయరు మనిషి కాగితాలు పట్టుకుని కొండెక్కితే ఇద్దరూ పొమ్మన్నారు. మొన్న నేను అడిగితే రాజులమ్మ నాకే నా పాఠం అప్పచెప్పింది. "ఏలిముద్దర ఏస్తే బూమి ఎల్లిపోద్దని నువ్వే గదా సెప్పినావు మాస్టరు బాబూ" అని.

బాధా వేసింది, గర్వమూ వేసింది. నేను ఒత్తిడి చెయ్యలేదు. ఘాట్ రోడ్డులో ఒక్కరోజు జీపులు ఆగి వాడు ఒక్క వాయిదా తప్పితే ఆ పట్టాల గతేమిటి?

మిరియం తీగ కాస్తోంది. మొన్న సొరుగులో నిర్మల కళ్ళజోడు దొరికింది. ఏటా ఫిబ్రవరిలో కళ్ళ డాక్టరని అరకు వెళ్ళేది. నన్ను వెంట రానిచ్చేది కాదు. ముప్ఫై ఏళ్ళలో అద్దాలు ఒక్కసారీ మారలేదు. వాడేం డాక్టరో.

సువార్తరావు


న్యూఢిల్లీ,
సెప్టెంబరు 18.

బావగారికి,

మీ ఉత్తరం చదివి ఈరోజు సభా కమిటీకి వెళ్ళలేకపోయాను.

ఎలాగైనా మీరు జామిగొంది వెళ్ళండి. మీరే పక్కన కూర్చుని, ఈ ఒక్క కాగితం మీద వెయ్యమని రాజులమ్మకీ స్వామికీ చెప్పండి. వాయిదా తప్పితే పట్టా వెంటనే పోదు, ముందు నోటీసు ఇస్తారు, చెప్పుకోనిస్తారు. కేసు చూడ్డానికి విశాఖలో నా దగ్గర జూనియరుగా చేసిన నీలవేణిని మాట్లాడాను. వాయిదాలన్నీ ఆ అమ్మాయి చూసుకుంటుంది. మీరు చెప్తే వాళ్ళు వేస్తారు. మీరు చెప్తేనే వేస్తారు.

ఆలస్యం చెయ్యకండి. కారణం అడక్కండి.

హేమలత


హుకుంపేట,
అక్టోబరు 3.

హేమలతకు,

కారణం అడక్కుండా పని చెయ్యడం నాకు చిన్నప్పుడే చాతకాలేదు. డెబ్భై అయిదేళ్ళకి నేర్చుకోను.

నేను వెళ్ళను. కాగితం చూస్తే చెయ్యి వెనక్కి పెట్టుకోవడం ఆ మనుషులకి నేర్పడానికి నా వయసంతా పట్టింది. ఇప్పుడు నేనే వెళ్ళి "ఇది మంచి కాగితం, దీనిమీద పెట్టండి" అంటే, రేపు ఇంకొకడు వచ్చి అదేమాట అంటాడు. ఏది మంచి కాగితమో నేను చచ్చాక వాళ్ళకెవరు చెప్తారు? మార్చవలసింది వాళ్ళ అలవాటు కాదు, మీ చట్టం. వాళ్ళకి మాట ఉంది. ఆ ఊళ్ళో నలుగురి ముందు నోటితో అన్నమాట తప్పినవాణ్ణి నేను చూడలేదు. మాట తప్పినవాళ్ళు కింద నుంచి వచ్చినవాళ్ళే. ఎవరో చెప్పక్కర్లేదు.

నాలుగో క్లాజు ఇలా రాయి. "ఊరివాళ్ళు న్యాయాధికారి ముందు తమ భాషలో నోటితో చెప్పిన పూచీని రాసుకుని, వాళ్ళకి చదివి వినిపించి, దాన్నే జామీనుగా తీసుకోవాలి." వేలు తీసేసి నోరు పెట్టు. నీ అనువాదకుడికి కూడా అర్థమవుతుంది.

రాజులమ్మకి పది రోజులుగా జ్వరం. మలేరియా అన్నారు. నిన్న చూసి వచ్చాను. గుంటడు ఎప్పుడొస్తాడని నన్ను అడగలేదు. వెల్లకిలా పడుకుని, పైన వేలాడే ఆ తాడునే చూస్తోంది. చాలా చిక్కిపోయింది. నీ శుక్రవారం బేగి వస్తే బాగుండును.

సువార్తరావు


విశాఖపట్నం,
అక్టోబరు 17.

బావా,

ఈ ఉత్తరం రాయనని అక్కకి మాటిచ్చాను. నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే. ఈరోజు అదీ తప్పుతున్నాను.

మంగ్లుకి బెయిలు అర్జీ వేశాను. తాడు కట్టిన వారానికే వేశాను. ఆగస్టు మొదట్లో బెయిలు వచ్చింది కూడా. ఇద్దరు జామీనుదార్లు కావాలన్నారు. నేను రావలసింది. అప్పుడే ఒక పెద్ద కేసులో సీనియరు నన్ను మొదటిసారి వాదించమన్నాడు. రెండు రోజులు వదులుకోలేక, గుమస్తా చేతికి కాగితాలిచ్చి జీపెక్కించాను. "నేనే వస్తాను" అన్నమాట అక్కడ తప్పాను. ఆ తప్పు నాది, ఎవరితోనూ పంచుకోను.

ఊళ్ళో ఎవరూ వేలిముద్ర వెయ్యలేదు. "మాస్టరు పక్కన లేకుండా ఎయ్యం" అన్నారు. నువ్వప్పుడు భీమిలిలో ట్రైనింగులో ఉన్నావు. నాకు తెలియదు. నీకని ఇంటికి ఉత్తరం రాశాను, వచ్చి వాళ్ళకి చెప్పమని. అది అక్క విప్పింది. ఆ వానలో ఒక్కతే జామిగొంది నడిచి వెళ్ళి బతిమాలింది. నువ్వు వచ్చి చెప్తే వేస్తామన్నారు. ఘాట్‌లో కొండచరియలు పడి దారి మూసుకుపోయింది. అక్క నీకు రాసిన కార్డు తొమ్మిది రోజులు టపా సంచీలోనే నానింది. నువ్వు ఇల్లు చేరేసరికి మంగ్లు పోయి రెండు రోజులైంది.

నేను పరిగెత్తుకుంటూ వచ్చాను, గుర్తుందా? నువ్వు గుమ్మంలో నిలబడి లోపలికి రానివ్వలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అక్క నీ వెనక నిలబడి తల అడ్డంగా ఊపింది. తర్వాత పెరటి దారిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీమీద కోపంతో ఆయన బతకగలడు హేమా. ఇది తెలిస్తే మాత్రం బతకడు" అంది. నేను సరే అన్నాను. ఎంతకాలమో అడగలేదు.

అరకులో కళ్ళ డాక్టరు లేడు బావా. నేనే. ఏటా ఫిబ్రవరిలో విశాఖ నుంచి పాసింజరులో వచ్చేదాన్ని. స్టేషను బెంచీ మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. నీకు ఇష్టమైన కూర వండినరోజు నన్ను ఎన్ని తిట్లు తిట్టావో చెప్పి నవ్వేది. బండి కదిలేముందు ఏడ్చేది.

ఇదంతా నిన్ను బాధపెట్టడానికి కాదు. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత అదే ఊళ్ళో, అదే ఇంటి మనిషికి, అదే జరుగుతోంది. ఈసారి నువ్వు భీమిలిలో లేవు. రెండు గంటల నడక దూరంలో ఉన్నావు.

అక్క నాకు తిరిగిచ్చేసిన ఆనాటి నా ఉత్తరం ఇందులో పెడుతున్నాను.

హేమ


హుకుంపేట,
నవంబరు 20.

హేమకు,

నెల రోజులు జవాబు రాయలేదు. నీ పాత ఉత్తరం చదివి, తారీకు చూసి, మళ్ళీ చదివి, దాన్నే పట్టుకుని కూర్చున్నాను. ఎన్ని కాగితాలు చదివానని గొప్పలు పోయినవాణ్ణి! "హేమకి వీలుపడలేదట, బెయిలు రాలేదు" అని నిర్మల అంటే కోర్టుకి వెళ్ళి ఒక్క నకలు అడగలేదు. నాకు నీమీద కోపం కావలసి వచ్చింది, దొరికింది, చాలనుకున్నాను.

మొన్న సోమవారం జామిగొంది వెళ్ళాను. రాజులమ్మ లేచి తిరుగుతోంది. వాకిట్లో కాఫీపళ్ళు ఆరబోస్తోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆనాటి కాగితం నిజమైనదని, నా ఒట్టే మంగ్లుని చంపిందని చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకెరికే మాస్టరు బాబూ. ఊరందరికీ ఎరికే" అంది.

ఎప్పటినుంచని అడిగాను.

"ఆ ఏడే. నిర్మలమ్మ వొచ్చి సెప్పినాది. ఇది తెలిస్తే మాస్టరు బడి ఒగ్గేసి ఎటో ఎల్లిపోతాడు, గుంటలు మళ్ళీ మేకలెనక తిరుగుతారు, సెప్పకండి అన్నాది. ఒట్టేసినాం. నీకూ ఒట్టేసినాం, ఆయమ్మకీ ఒట్టేసినాం. మాకాడ ఉన్నవి ఒట్లే గదా."

హేమా, ముప్ఫై ఏడేళ్ళుగా ఆ ఊరంతా నన్ను పసిపిల్లాణ్ణి మోసినట్టు మోసింది. నేను వాళ్ళకి తెలివి నేర్పుతున్నానని తిరిగాను.

మరి ఫల్గుణ కోసం ఎందుకు వెయ్యలేదని అడిగాను. అప్పుడు చెయ్యి ఆపింది.

"ఇప్పుడేస్తే గుంటడు ఇంటికొచ్చీసినాడనుకో. అప్పుడేసుంటే ఆయనా వొచ్చీవోడే గదా. ఇన్నేళ్ళూ అది అనుకోకుండా బతికినాను బాబూ. ఇప్పుడు ఏలు ఎయ్యాలంటే అది అనుకోవాల."

నేను ఏడ్చాను. తప్పు నాదన్నాను. చాలాసార్లు అన్నాను. ఆమె విసుక్కుంది.

"నీదేటి, నాదేటి. ఆయన్ని పట్టుకెళ్ళినోడు ఒక్కడైనా ఇలాగ నా వాకిట్లో కూకోని ఏడిసినాడా?"

తర్వాత లేచి లోపలికెళ్ళి పట్టా ఉన్న రేకు డబ్బా తెచ్చింది. స్వామిని పిలిచింది. నేను కబురు చేస్తే రెండు రోజులకే నీలవేణి కాగితాలు తీసుకుని జీపులో వచ్చింది. సాక్షి సంతకం నాది. సిరా దిమ్మ ముందు పెట్టుకుని రాజులమ్మ, "ముందు నువ్వెయ్, సూస్తాను" అంది. నేను బొటనవేలు ముంచాను. సంతకం వచ్చినవాళ్ళు వేలిముద్ర వెయ్యకూడదు సార్ అని నీలవేణితో వచ్చిన గుమస్తా గోల. పక్కన సంతకం కూడా చేస్తాను, నోరుమూసుకో నాయనా అన్నాను. వేశాను. నా వేలు వంకా, మరక వంకా తేరిపార చూసి, రాజులమ్మ తన వేలు ముంచింది. ఆమె చెయ్యి నేను పట్టుకోలేదు. పట్టుకోవాలనిపించింది గాని పట్టుకోలేదు.

తాసిల్దారు కచేరీలో పట్టాల సర్టిఫికెట్లు రావాలి. మూడు వారాలంటున్నారు.

మీ బావ


న్యూఢిల్లీ,
డిసెంబరు 13.

బావా,

నిన్న నా శుక్రవారం అయిపోయింది.

సభలో లెక్కపెట్టాను, ముప్ఫై నలుగురు. తమిళనాడు సభ్యుడొకాయన బాగా మాట్లాడాడు. మధ్యప్రదేశ్ నుంచి ఒకావిడ ఐదో క్లాజు చదివి, తన నాన్నకీ అటువంటి కేసే అని చెప్పి కూర్చుండిపోయింది. నాలుగో క్లాజు నువ్వు రాసిన మాటలతోనే సవరించి చదివాను. రాజులమ్మ పేరు చెప్పలేదు, "ఏలు ఎయ్యాలంటే అది అనుకోవాల" అన్నమాట మాత్రం తెలుగులోనే చెప్పి, తర్వాత అర్థం చెప్పాను.

మంత్రి మర్యాదగానే జవాబిచ్చాడు. ఉద్దేశం మంచిదన్నాడు, కొత్త చట్టంలో చాలా మార్పులు వచ్చాయన్నాడు, మొదటిసారి కేసులో పడ్డవాళ్ళకి మూడోవంతు శిక్షాకాలం గడిస్తే వదిలే వీలుందన్నాడు. పదేళ్ళ శిక్ష పడే కేసులో మూడోవంతంటే మూడేళ్ళ పైన అని నేను లేచి చెప్పాను. చివరికి, ఊరి నోటి పూచీ సంగతి రాష్ట్రాలతో చర్చిస్తాం, బిల్లు వెనక్కి తీసుకోండి అన్నాడు. తీసుకున్నాను. నువ్వు తిడతావని తెలుసు. ఓటింగుకి పట్టుబడితే నిమిషంలో ఓడిపోయేది, ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు ఆయనన్న మాట రికార్డులో ఉంది. మంత్రి సభలో ఇచ్చిన హామీలను వెంటపడి అడగడానికి ఒక కమిటీ ఉంది. మూడు నెలల్లో ఏం చేశారని అడుగుతుంది. నేను దిగిపోయినా అది అడుగుతూనే ఉంటుంది.

నీలవేణి ఫోను చేసింది. జామీను ఒప్పుకున్నారు. పందొమ్మిదిన పొద్దున్న వదులుతారట. ఆరోజు సభ ఉంది. సెలవు పెట్టాను. జైలు గేటు దగ్గరికి నేనే వెళ్తాను. ఫల్గుణని నేనే తెచ్చి రాజులమ్మ వాకిట్లో దించుతాను. గుమస్తాని పంపను.

ఇంట్లోకి రానిస్తావా?

హేమ


హుకుంపేట,
జనవరి 3.

హేమకు,

నువ్వు వచ్చి వెళ్ళి రెండు వారాలైంది. మాట్లాడుకోవలసింది అంతా మాట్లాడేశామనే అనుకున్నాను. బండి ఎక్కించి వచ్చాక తెలిసింది, ఒకటి మిగిలిందని. అది ఎదురుగా చెప్పలేను. అందుకే ఉత్తరం.

ముందు ఊరి సంగతులు. ఫల్గుణ మళ్ళీ జీపు ఎక్కాడు. ఇప్పుడు బస్తా ఎక్కించేవాళ్ళకి నరకం చూపిస్తున్నాడు. పసుపు మూట కూడా విప్పించి వాసన చూస్తున్నాడట, ఆడవాళ్ళు తిట్టుకుంటున్నారు. వాడి వాయిదా జనవరి ఇరవై మూడున. రాజులమ్మ కొత్త నార పేని, ముడులు వేసి, జీపు అద్దానికి కట్టింది. వాడు ఫోనులో తారీకు పెట్టుకున్నానన్నా వినలేదు. పొద్దున్న బండి తీసేముందు ఒక ముడి విప్పాలి, ఆమె చూస్తుండగా.

పాత తాడు దూలానికే ఉంది. ఆఖరి ముడి ఇప్పుడైనా విప్పమని స్వామి అన్నాడు. "అది ఆయనది" అంది. ఇంక ఎవరూ అడగలేదు.

సభ చర్చ అచ్చుప్రతి అందింది. బిల్లు వెనక్కి తీసుకున్నందుకు నిన్ను తిట్టాలని కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. చదివాక తిట్టలేకపోయాను. ఆ హామీ కమిటీ వాళ్ళకి మార్చిలో ఒక కార్డు రాస్తాను, ఏప్రిల్లో ఇంకొకటి. మాట తప్పినవాణ్ణి వెంటపడి అడగడం నాకు అలవాటైన పనే.

ఇప్పుడు మిగిలిన సంగతి. నీమీద ముప్ఫై ఏడేళ్ళు మోపిన నేరం కొట్టేస్తున్నాను. గుమస్తాని పంపినందుకు నీకు వెయ్యవలసిన శిక్షకి పదింతలు అనుభవించావు. లోపల ఉన్న కాలం శిక్షలో తగ్గించాలని మీ చట్టమే చెప్తుంది కదా. నామీద నేను వేసుకోబోయిన కేసుని రాజులమ్మ విచారణకే తీసుకోలేదు. ఆమె కంటే పై కోర్టు నాకు లేదు.

అయినా ఒక మనిషిని నేను వదల్లేకపోతున్నాను. ఆ వానలో ఒక్కతే నడిచి వెళ్ళి బతిమాలి, తిరిగొచ్చి, తడిసిన కోక మార్చుకుని నాకోసం ఎదురుచూసిన మనిషి. నాకు అన్నం వడ్డిస్తూ, తన చెల్లెల్ని నేను తిట్టిన తిట్లన్నీ తలవంచుకుని విన్న మనిషి. చూపు బాగానే ఉన్నా ముప్ఫై ఏళ్ళు ఆ కళ్ళజోడు పెట్టుకుని తిరిగిన మనిషి. నాకు చెప్పి ఉంటే నేను విరిగిపోయేవాణ్ణేమో. విరిగి, ఎప్పుడో లేచి జామిగొంది వెళ్ళి, ఆ ఒట్టు విప్పి ఉండేవాణ్ణి. ఫల్గుణ పద్దెనిమిది నెలలు లోపల ఉండవలసి వచ్చేది కాదు. అంతకంటే, ఆ బరువులో సగం నేను పట్టుకుని ఉండేవాణ్ణి. భర్తని నేను. నాకు రావలసిన దుఃఖం నాకు ఇవ్వకుండా, రెండు చేతులా తనే పట్టుకుని, సమాధిలోకి తీసుకుపోయింది. అడుగుదామంటే లేదు.

రోజూ సాయంత్రం మిరియం తీగ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. అందరినీ వదిలేశాను హేమా. ఒక్క నిర్మలని తప్ప.